పాత పిన్‌బాల్ మెషిన్: కరెంటు లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

పిన్‌బాల్ మెషిన్ మొరాయించగానే చాలామంది కాయిల్ (కరెంటు వస్తే ఇనుప కడ్డీని లాగే తీగచుట్ట) కాలిందనో బోర్డు పోయిందనో తీర్మానించేస్తారు. కానీ 1950ల నుంచి 1980ల దాకా తయారైన మెషిన్లలో లోపం చాలాసార్లు అంత పెద్దది కాదు. మురికి పట్టిన స్విచ్ పాయింటు, వదులైన ఫ్యూజ్ క్లిప్పు, బీటవారిన సోల్డరు, పచ్చగా చిలుము పట్టిన కనెక్టరు, ఇలాంటివే ఎక్కువ. ఒకవేళ కాయిల్ నిజంగానే కాలి ఉంటే, దాన్ని కాల్చింది పక్కనే ఇంకోటి ఉంటుంది. దాని జోలికి పోకుండా కొత్త కాయిల్ వేస్తే అదీ కాలుతుంది. అందుకే కరెంటు వచ్చే దారి వెంట వెళ్లాలి, ఎక్కడ ఆగిందో చూడాలి, ఎందుకు ఆగిందో తేలేదాకా ఏ విడిభాగమూ కొనకూడదు.

మీ మెషిన్ ఏ తరానిది?

ముందు ఇది తేలాలి, ఎందుకంటే సగం పద్ధతి దీన్నిబట్టే మారుతుంది. స్కోరు తిరిగే అంకెల చక్రాల మీద కనిపిస్తుంటే, క్యాబినెట్ అడుగున రిలేల (కరెంటుతో కదిలే స్విచ్‌ల) వరసలూ ఒక మోటారూ ఉంటే, అది ఎలక్ట్రోమెకానికల్ మెషిన్. స్కోరు డిజిటల్ అంకెల్లో వెలుగుతూ బ్యాక్‌బాక్స్‌లో (వెనక నిలబడి ఉండే స్కోరు పెట్టెలో) సర్క్యూట్ బోర్డులుంటే అది సాలిడ్ స్టేట్. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ లాంటి పెద్ద కంపెనీలన్నీ 1977 నుంచి రెండు మూడేళ్లలో మొదటి రకం నుంచి రెండో రకానికి మారిపోయాయి. ఆ మధ్యకాలం మెషిన్ అయితే మోడల్ పేరు చూసి నిర్ణయించకండి. ఒకే ఆట రెండు రకాల్లోనూ వచ్చిన సందర్భాలున్నాయి. తలుపు తీసి లోపల చూడటమే నయం.

రకం తెలిశాక మీ మోడల్ సర్క్యూట్ డయాగ్రమ్ సంపాదించండి. అది లేకుండా ఎలక్ట్రోమెకానికల్ మెషిన్ మీద పని మొదలుపెట్టడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆ డయాగ్రమ్ మొదటిసారి చూస్తే టెన్షన్ పుడుతుంది కానీ నిజానికి చదవడం తేలికే. సాధారణంగా రెండు పక్కలా రెండు సప్లై గీతలు ఉంటాయి. వాటి మధ్య నిచ్చెన మెట్లలాగా ఒక్కో కాయిల్, దానికి దారిచ్చే స్విచ్‌లు ఉంటాయి. ఒక మూల చిన్న అక్షరాల్లో మెషిన్ ఏ స్థితిలో ఉన్నట్టు గీశారో రాసి ఉంటుంది: ఆట మొదలైందా, ఎన్నో బంతి, అలాంటివి. అది చదవకపోతే తెరిచి ఉండాల్సిన స్విచ్ మూసుకుందని భ్రమపడి గంటలు పోగొట్టుకుంటారు. వైర్లకు అసలు రంగు, దాని మీద చార రంగు అని రెండు గుర్తులుంటాయి. ఏళ్లు గడిచాక ఆ రంగులు వెలిసిపోయి తెలుపు పసుపులా, ఎరుపు నారింజలా కనిపిస్తాయి. అనుమానం వస్తే వైరును లగ్ (సోల్డరు చేసే లోహపు కొస) దగ్గర కాక, కట్ట లోపల ఎండ తగలని చోట చూడండి.

ముట్టుకునే ముందు

మెషిన్ స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి. స్విచ్ ఆపినా గోడ నుంచి ఆ స్విచ్ దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. కొన్ని మెషిన్లలో లోపల రిపేరు కోసం పెట్టిన సాకెట్‌లో కూడా ఉంటుంది. పాత మెషిన్లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. అలాంటిది చేతికొస్తే మిగతా పని పక్కనపెట్టి మూడు పిన్నుల తీగ వేయండి. దాని ఎర్త్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ఒంటికి, నాణేల తలుపుకు, పక్క లోహపు పట్టీలకు, లాక్‌బార్‌కు (ముందు అంచున ఉండే లోహపు పట్టీకి) కలపండి. ఆడేవాడి చేతులు ఆటంతా ఆనేది వాటి మీదే.

ఇవి ఎక్కువగా 110–120 వోల్టుల సరఫరా కోసం తయారైనవి. 220–240 వోల్టులున్న చోట ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ట్యాప్ (గోడ కరెంటు వచ్చే వైపు వోల్టేజీని ఎంచుకునే లగ్) ఎక్కడ కలిపి ఉందో చూడకుండా ప్లగ్ పెట్టకండి. ఆ ట్యాప్ లేకపోతే సరిపడా వాటేజీ ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

సాలిడ్ స్టేట్ మెషిన్లలో ఇంకో ప్రమాదం డిస్‌ప్లే సప్లై. బాలీ మెషిన్లలో అది 170–190 వోల్టుల డీసీ. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటుంది. ఆపేసి కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకున్నాకే బోర్డు ముట్టుకోండి. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. ప్లేఫీల్డ్ (బంతి దొర్లే పలక) ఎత్తేముందు బంతులన్నీ బయటికి తీయండి. మరిచిపోతే అవి దొర్లుకుంటూ వచ్చి బ్యాక్‌గ్లాస్‌ను (బ్యాక్‌బాక్స్ ముందుండే బొమ్మల గాజును) పగలగొడతాయి. పాత మెషిన్‌లో మళ్లీ దొరకనిది ఏదైనా ఉందంటే ఆ గాజే.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. బీప్ కొట్టే కంటిన్యూటీ, డయోడ్ టెస్టు ఉన్న మల్టీమీటరు, రెండు చివరలా క్లిప్పులున్న జంపర్ వైర్లు, మంచి సోల్డరింగ్ ఐరన్, స్విచ్ పట్టీలు వంచే అడ్జస్టర్, సన్నటి పాయింట్ ఫైల్, ఆల్కహాల్. తుప్పు వదిలించే స్ప్రే నూనెలు మాత్రం ఈ పెట్టె దరిదాపులకు రానివ్వకండి. అవి దుమ్మును పట్టి ఉంచుతాయి, నిప్పురవ్వ పడితే అంటుకుంటాయి.

మొదటి అడుగు: కళ్లు, ముక్కు

ప్లగ్ పెట్టకుండానే ప్లేఫీల్డ్ ఎత్తి టార్చి వేసి చూడండి. ఊడి వేలాడుతున్న వైరు ఉందా? కాయిల్ చుట్టూ ఉన్న కాగితం నల్లబడిందా? కమురు వాసన ఎక్కడి నుంచి వస్తోంది? ఊడిన స్క్రూ, తెగిన స్ప్రింగు, సోల్డరు ముక్క రెండు లగ్‌ల మధ్య పడి ఉందా? క్యాబినెట్ అడుగున కూడా చూడండి. రిలేల మీద పడిన ఒక్క వాషర్ చాలు మెషిన్ మొత్తాన్ని ఆపడానికి.

మీకంటే ముందు ఎవరో రిపేరు చేసిన చోట్లు ప్రత్యేకంగా గమనించండి. వేరే రంగు వైరు, టేపు చుట్టిన జాయింటు, లావైన సోల్డరు ముద్ద కనిపిస్తే అక్కడ ఆగి డయాగ్రమ్‌తో సరిచూడండి. ఇన్ని దశాబ్దాల్లో చాలా చేతులు పడి ఉంటాయి. ఆ చేతులన్నీ తెలిసినవి కావు.

రెండో అడుగు: ఫ్యూజులు

ఫ్యూజును హోల్డరులో నుంచి తీసి మీటరుతో కొలవండి. కంటితో చూసి బాగుందనుకోకండి. లోపలి తీగ మూత దగ్గర తెగితే గాజులోంచి కనిపించదు. హోల్డరులో ఉండగానే కొలిస్తే వేరే దారిలో కరెంటు తిరిగి బీప్ వస్తుంది, ఫ్యూజు బాగుందని మోసపోతారు.

ఫ్యూజు తీశాక క్లిప్పులు కూడా చూడండి. అవి నల్లబడి, పట్టు వదిలి ఉంటే అక్కడ వేడి పుట్టి వోల్టేజీ పడిపోతుంది. బలహీనంగా కొట్టే ఫ్లిప్పర్లకూ (బంతిని కొట్టే బ్యాట్లకూ) మసకబారిన లైట్లకూ ఇది తరచూ కనిపించే కారణం. క్లిప్పు మార్చడం తక్కువ ఖర్చు, ఎక్కువ లాభం.

విలువ సంగతి: ఫ్యూజు పక్కన అతికించిన కాగితం మీదో డయాగ్రమ్‌లోనో ఉన్నదే వేయాలి. 10 ఆంపియర్ల చోట 20 వేసి ‘ఇప్పుడు పోవట్లేదు’ అని సంబరపడేవాళ్లున్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరింగ్ కాలుతుంది. స్లో బ్లో (కాస్త ఆలస్యంగా తెగే రకం) అని రాసి ఉంటే స్లో బ్లోనే.

కొత్త ఫ్యూజు వేయగానే మళ్లీ పోతోందంటే ఎక్కడో షార్ట్ ఉంది. ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి బలి ఇవ్వకండి. ఆ సర్క్యూట్ వోల్టేజీకి సరిపోయే బల్బును ఫ్యూజు స్థానంలో జంపర్లతో కలపండి. షార్ట్ ఉన్నంతసేపు బల్బు పూర్తిగా వెలుగుతుంది. ఇక సగం సగం చేసుకుంటూ రండి. మెషిన్ ఆపి ప్లేఫీల్డ్ ప్లగ్ తీయండి, మళ్లీ పెట్టి చూడండి. బల్బు ఆరిపోతే లేదా బాగా మసకబారితే షార్ట్ ప్లేఫీల్డ్‌లో ఉంది. లేకపోతే బ్యాక్‌బాక్స్ ప్లగ్ తీయండి. ఏ భాగంలో ఉందో తేలాక ఆ భాగంలో ఒక్కో కాయిల్ లేదా ల్యాంప్ లైను విడదీస్తూ పోతే దొరికిపోతుంది. లైట్ల లైనులో షార్ట్ అయితే చాలాసార్లు వంగిన ల్యాంప్ సాకెట్టే.

మూడో అడుగు: సప్లై ఎంతొస్తోంది?

ఫ్యూజులు బాగున్నాక ప్లగ్ పెట్టి, ఒక చేతిని వెనక్కి పెట్టుకుని, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలవండి. ఎలక్ట్రోమెకానికల్ మెషిన్లలో లైట్లకు సుమారు 6 వోల్టుల ఏసీ ఉంటుంది. కాయిళ్లకు కంపెనీని బట్టి 24–30 వోల్టులో 50 వోల్టులో ఉంటుంది, అదీ ఎక్కువగా ఏసీయే. మీటరు డీసీలో పెట్టి సున్నా చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. 1970లలో వచ్చిన కొన్ని మెషిన్లలో బంపర్లకు (తగిలిన బంతిని తన్నే గుండ్రటి వాటికి) బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) ద్వారా డీసీ ఇచ్చారు, కాబట్టి డయాగ్రమ్ చూసుకోవాలి.

కాయిళ్లన్నీ ఒకేసారి బలహీనమయ్యాయంటే విడివిడి కాయిళ్లను అనుమానించకండి. వాటన్నిటికీ కలిసిన చోటు చూడాలి: ఫ్యూజ్ క్లిప్పు, ప్లగ్గు, బ్రిడ్జి. బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగితే సగం తరంగమే వస్తుంది. మెషిన్ పనిచేస్తూనే నీరసంగా ఉంటుంది. వైర్లు విడదీసి డయోడ్ టెస్టులో నాలుగు డయోడ్లూ ఒక దిశలో 0.5–0.7 మధ్య చూపించాలి, రెండో దిశలో ఏమీ చూపించకూడదు.

నాలుగో అడుగు: ఎలక్ట్రోమెకానికల్ మెషిన్ లోపల

ఇక్కడ రాజ్యం స్విచ్‌లది. ఒక్క మెషిన్‌లో వందల పాయింట్లుంటాయి. ఒక్కటి అంటకపోయినా ఆట ఆగుతుంది. అలాగని అన్నిటినీ ఒకేసారి ఫైల్ చేసి సర్దాలని కూర్చోకండి. బాగున్నవి చెడగొట్టే దగ్గరి దారి అదే. లోపం ఉన్న సర్క్యూట్‌లో ఉన్న స్విచ్‌లే మీ పని.

స్విచ్‌ను సర్దడంలో వరస ముఖ్యం. ముందు పట్టీలను కలిపి బిగించిన రెండు స్క్రూలు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. మధ్యలో ఉన్న ఇన్సులేషన్ ఎండి కుంచించుకుపోయి ఉంటే పట్టీలు వదులవుతాయి. స్క్రూ బిగిస్తే సగం స్విచ్‌లు వాటంతటవే దారికొస్తాయి. తర్వాత పాయింట్లు శుభ్రం చేయాలి. వెండి పాయింట్ల మీద ఫైలును మెత్తగా రెండు మూడుసార్లు లాగితే చాలు. చివరికి వంచడం. కదిలే పొడవాటి పట్టీని కాకుండా ఎదుటి పట్టీని, అదీ మొదట్లో పట్టుకుని కొంచెమే వంచాలి. తెరిచి ఉన్నప్పుడు సుమారు ఒక మిల్లీమీటరు ఎడం ఉండాలి. మూసుకున్నప్పుడు రెండో పట్టీ కూడా కాస్త నెట్టుకుపోవాలి. ఆ చిన్న నెట్టుడులోనే పాయింట్లు ఒకదానిమీద ఒకటి రాసుకుని తమని తాము శుభ్రం చేసుకుంటాయి. తాకీ తాకనట్టు సర్దిన స్విచ్ వారం తిరక్కుండా మళ్లీ మొరాయిస్తుంది.

ఒక కాయిల్ కొట్టట్లేదనుకుందాం. లోపం దాని ముందుందా, దానిలోనే ఉందా? సాధారణంగా కాయిల్‌కు ఒకవైపు సప్లై నేరుగా ఉంటుంది, స్విచ్‌లన్నీ రెండోవైపు వరసలో ఉంటాయి. జంపర్ వైరుతో అనుమానం ఉన్న స్విచ్ రెండు లగ్‌లను క్షణంపాటు కలపండి. కాయిల్ కొడితే దొంగ ఆ స్విచ్చే. కొట్టకపోతే జంపరును తర్వాతి స్విచ్ మీదికి కూడా సాగదీయండి. ఒక్క జాగ్రత్త: జంపర్ స్విచ్ మీద పెట్టాలి కానీ కాయిల్ రెండు లగ్‌ల మధ్య ఎప్పుడూ పెట్టకూడదు. అలా పెడితే అది నేరుగా షార్ట్, ఫ్యూజు ఎగిరిపోతుంది.

రిలేలకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. ఎండిన చెక్క పుల్లతో రిలే ఆర్మేచర్‌ను (కదిలే రేకును) నొక్కండి. నొక్కగానే జరగాల్సిన పని జరిగితే రిలే పాయింట్లు బాగున్నట్టే. దాని కాయిల్‌కు కరెంటు రావట్లేదు, వెనక్కి వెళ్లి వెతకాలి. నొక్కినా జరగకపోతే లోపం ఆ పాయింట్లలోనో వాటి తర్వాతనో ఉంది. ఒక్క నొక్కుతో వెతకాల్సిన మెషిన్ సగమైపోతుంది.

ఇప్పుడు ఈ మెషిన్లలో అందరికీ ఎదురయ్యే తలనొప్పి: స్టార్ట్ నొక్కగానే స్కోర్ మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఆట మొదలవదు. దీన్ని కాస్త తీరిగ్గా చూద్దాం. స్టార్ట్ నొక్కగానే రీసెట్ రిలే పట్టుకుంటుంది. మోటారు తిరుగుతూ సున్నా దగ్గర లేని ప్రతి స్కోరు చక్రానికి దెబ్బలు (ఒక్కో అంకె కదిపే కరెంటు పల్సులు) పంపుతుంది. చక్రం సున్నాకు చేరగానే దాని వెనకున్న సున్నా స్విచ్ మారి ఇక దెబ్బలు వద్దని చెబుతుంది. అన్నీ చేరాక రిలే వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. అంటే మోటారు ఆగట్లేదంటే ఎవరో ఒకరు ‘నేను చేరలేదు’ అంటున్నారు. ఎవరో కనుక్కోవడమే పని.

1. చక్రాల వంక చూడండి. ఒకటి ఉదాహరణకు 7 దగ్గర నిలిచిపోయి మిగతావి సున్నా మీద ఉంటే, అనుమానం ఆ ఒక్క చక్రం మీదికి వచ్చింది.

2. ప్లగ్ పీకి దాని ప్లంజర్‌ను (కాయిల్ లాగే కడ్డీని) చేత్తో నొక్కండి. చక్రం ఒక్కో అంకె కదలాలి. ప్లంజర్ బరువుగా ఉంటే పాత గ్రీజు గడ్డకట్టింది, విప్పి ఆల్కహాల్‌తో తుడవాలి. ప్లంజర్ తేలిగ్గా కదిలినా చక్రం కదలకపోతే పళ్లను పట్టే పాల్‌ను, దాని స్ప్రింగును చూడండి.

3. చేత్తో బాగా తిరుగుతూ, కరెంటుతో కదలకపోతే కాయిల్ తెగిందో, సున్నా స్విచ్ పాయింట్లు మురికి పట్టాయో తేల్చాలి. ఈ స్విచ్ సున్నా కాని చోట మూసుకుని ఉండాలి. కొట్టాల్సిన దెబ్బ దాని గుండానే వస్తుంది.

4. ఒక చక్రం సున్నా దాటి ఆగకుండా తిరుగుతూనే ఉంటే దాని సున్నా స్విచ్ తెరుచుకోవట్లేదు. పట్టీ వంగి ఉంటుంది.

5. చక్రాలన్నీ సున్నా మీదే ఉండి మోటారు తిరుగుతుంటే, చూడ్డానికి సున్నాగా ఉన్న చక్రం స్విచ్ మారలేదేమో ఒక్కోటీ చూడండి. అవీ బాగుంటే బంతుల లెక్క స్టెప్పర్ (దెబ్బకొక మెట్టు కదిలే లెక్కింపు చక్రం), ఆటగాళ్ల స్టెప్పర్ మొదటి స్థానానికి చేరాయా, మోటారుకున్న హోమ్ స్విచ్ సరిగా తెరుచుకుంటోందా చూడాలి.

స్టెప్పర్లలో ఉండే గుండ్రటి పలక మీద రాగి బొడిపెల వరసలు, వాటి మీద జారే వేళ్లు ఉంటాయి. పలక నల్లబడి ఉంటే మెత్తటి స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది, ఆల్కహాల్‌తో తుడవండి. వేళ్లు బొడిపెల నడిమధ్యకు వస్తున్నాయో లేదో తప్పక చూడండి. పక్కకు జరిగితే ఒకేసారి రెండిటిని తాకి పిచ్చి లెక్కలు చూపిస్తుంది. 50 పాయింట్లు రావాల్సిన చోట 40 వస్తుంటే మాత్రం స్టెప్పర్ కాదు, స్కోర్ మోటారు స్విచ్ వరసను చూడండి. ఆ ఐదు దెబ్బలూ మోటారు ఒక విడత తిరిగినప్పుడు దాని స్విచ్ నుంచే వస్తాయి, అందులో ఒకటి అంటట్లేదు.

ఐదో అడుగు: కాయిళ్లు, ముఖ్యంగా ఫ్లిప్పర్లు

కాయిల్‌ను కొలవాలంటే ఒకవైపు వైరు విప్పాలి. లేకపోతే పక్క దారుల లెక్క కూడా కలిసి వస్తుంది. బంపర్లు, కిక్కర్లు లాంటివి సాధారణంగా కొన్ని ఓంల నుంచి పదిహేను ఓంల దాకా చూపిస్తాయి. రిలే కాయిళ్లు అంతకంటే ఎక్కువ. రెండు ఓంలకు తక్కువ చూపిస్తే లోపలి చుట్లు కాలి కలిసిపోయాయి, మార్చాల్సిందే. మీటరు ఏమీ చూపించకపోతే మాత్రం వెంటనే పారేయకండి. లగ్ దగ్గర సన్నటి చుట్టతీగ తెగి ఉండొచ్చు. ఒక్క చుట్టు విప్పి, కొనమీది ఎనామెల్ గీకి, మళ్లీ సోల్డర్ చేస్తే బతుకుతుంది.

ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి: బలంగా కొట్టే లావు తీగ, బ్యాట్‌ను పైన నిలబెట్టే సన్న తీగ. లావు చుట్ట కొద్ది ఓంలు, సన్న చుట్ట అంతకంటే చాలా ఎక్కువ. బ్యాట్ పైకి చేరగానే చివరి స్విచ్ తెరుచుకుని, కరెంటును సన్న చుట్టకు పరిమితం చేస్తుంది. ఈ చిన్న స్విచ్‌ను అర్థం చేసుకుంటే ఫ్లిప్పర్ల జబ్బులు దాదాపు అన్నీ తెలిసినట్టే.

బ్యాట్ నీరసంగా లేస్తోంది, లేదా అసలు లేవట్లేదు కానీ చేత్తో ఎత్తితే నిలబడుతోంది: చివరి స్విచ్ పాయింట్లు కాలి అంటట్లేదు, పనంతా సన్న చుట్టే చేస్తోంది. బ్యాట్ బలంగా లేచి, బటన్ నొక్కి ఉంచితే గట్టిగా గుర్రుమంటూ కాయిల్ వేడెక్కుతోంది: చివరి స్విచ్ తెరుచుకోవట్లేదు, వెంటనే ఆపకపోతే కాయిల్ పోతుంది. బటన్ పట్టుకున్నంతసేపు బ్యాట్ టకటకమంటూ లేచి పడుతోంది: సన్న చుట్ట తెగింది, అందుకే స్విచ్ తెరుచుకున్న ప్రతిసారీ పట్టు వదిలేస్తోంది. బ్యాట్ పూర్తిగా లేచినప్పుడు ఈ స్విచ్ ఎడం రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి. ఈ పాయింట్లు టంగ్‌స్టన్‌వి, గట్టివి. వీటికి మాత్రం ఫైలు కాస్త గట్టిగానే పట్టాలి.

కాయిల్ లోపలి స్లీవ్‌లో (ప్లంజర్ జారే గొట్టంలో) నూనె వేయొద్దు. ప్లంజర్ బరువుగా ఉంటే స్లీవ్ మార్చండి. స్లీవ్ రాకపోతే, వేడికి కరిగి అతుక్కుందని అర్థం, కాయిల్ కూడా మార్చాల్సిందే.

ఆరో అడుగు: సాలిడ్ స్టేట్ బోర్డులు

ముందు బ్యాటరీ చూడండి. పాత బాలీ బోర్డుల మీద నికెల్ కాడ్మియం బ్యాటరీ, విలియమ్స్‌లో మూడు పెన్‌సైజ్ సెల్స్ ఉంటాయి. రెండూ కారతాయి. కారిన క్షారం కిందికి జారుతూ ట్రేసులనూ (బోర్డు మీది రాగి గీతలనూ) సాకెట్లనూ తినేస్తుంది. మచ్చ చిన్నగా కనిపించినా పూత కింద మరింత దూరం పాకి ఉంటుంది. బ్యాటరీ తీసేసి, వెనిగర్‌తో తుడిచి క్షారాన్ని చంపి, నీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టండి. బూడిద రంగు తిరిగిన రాగిని మెరిసేదాకా గీకాలి, లేకపోతే సోల్డరు అంటదు. కొత్త బ్యాటరీని వైరుతో దూరంగా, బోర్డుకంటే కింద ఎక్కడైనా బిగించండి.

తర్వాత 5 వోల్టులు. సప్లై బోర్డు నుంచి మిగతా బోర్డుల కనెక్టర్లు పీకి, సప్లైని ఒంటరిగా కొలవడం మంచిది. తప్పు వోల్టేజీ లాజిక్ చిప్‌లలోకి వెళ్తే నష్టం పెద్దది. సరిగా ఉంటే కలిపి, ఈసారి ప్రాసెసర్ బోర్డు మీద కొలవండి. సప్లై దగ్గర 5.0 ఉండి ఇక్కడ 4.7 ఉందంటే మధ్యలో కనెక్టర్ తినేస్తోంది. 4.75 కంటే దిగితే బోర్డు రీసెట్ అవుతూ ఉంటుంది. ఫ్లిప్పర్ కొట్టగానే మెషిన్ మళ్లీ మొదటికొచ్చే జబ్బు ఇదే: ఫ్లిప్పర్ లాగిన కరెంటుకు వోల్టేజీ కాస్త పడుతుంది, అప్పటికే అంచున ఉన్న 5 వోల్టుల లైను తట్టుకోలేదు. ఫిల్టర్ కెపాసిటర్, బ్రిడ్జి, కనెక్టర్ పిన్నుల సోల్డరు, ఈ వరసలో చూడండి. పిన్ను చుట్టూ సన్నటి నల్ల వలయం కనిపిస్తే అది బీటవారిన సోల్డరు. పాతది తీసేసి కొత్తగా వేయాలి. పైపైన వేడిచేస్తే కొన్నాళ్లే. 1977–1984 మధ్య విలియమ్స్ మెషిన్లలో ప్రాసెసర్ బోర్డుకూ డ్రైవర్ బోర్డుకూ మధ్య ఉండే 40 పిన్నుల కనెక్టర్‌ను ప్రత్యేకంగా అనుమానించండి.

1970ల చివరి బాలీ బోర్డులు తమ జబ్బు తామే చెబుతాయి. ప్లగ్ పెట్టగానే బోర్డు మీది ఎల్ఈడీ ఒకసారి మిణుక్కుమని, తర్వాత ఏడుసార్లు వెలగాలి. ఒక్కో వెలుగు ఒక్కో పరీక్ష దాటినట్టు. నాలుగో, ఐదో వెలుగులు రెండు పీఐఏ (ప్రాసెసర్‌ను మిగతా సర్క్యూట్లకు కలిపే) చిప్‌లవి. ఏడోది 43 వోల్టుల కాయిల్ సప్లై అందుతోందా లేదా అన్నది. ఆరుసార్లే వెలిగి ఆగితే బోర్డు పోయిందని గుండె బాదుకోకండి. ముందు ఆ సప్లై ఫ్యూజు చూడండి. అసలు వెలగకుండా, లేదా వెలిగి అలాగే ఉండిపోతే సప్లై, రీసెట్ సర్క్యూట్, చిప్ సాకెట్లు చూడాలి.

బోర్డు లేచాక నాణేల తలుపు లోపలి టెస్ట్ బటన్ నొక్కండి. బాలీలో లైట్లు, డిస్‌ప్లేలు, కాయిళ్లు వరసగా వచ్చి, చివరికి ఏ స్విచ్ ఇరుక్కుందో దాని నంబరు చూపిస్తుంది.

ఇక అసలు భయం: ఆన్ చేయగానే ఒక కాయిల్ లాగి పట్టుకుని వదలదు. వెంటనే ఆపేయండి. కొన్ని క్షణాల్లోనే కాలడం మొదలవుతుంది. ఇలాంటప్పుడు డ్రైవర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉంటుంది. ఈ మెషిన్లలో కాయిల్‌కు సప్లై ఎప్పుడూ ఉంటుంది, ట్రాన్సిస్టర్ గ్రౌండ్ కలిపితే కొడుతుంది. టిప్ 102 లాంటి డ్రైవర్ ట్రాన్సిస్టర్లకు పరీక్ష: ప్లగ్ పీకి, మీటరు డయోడ్ టెస్టులో పెట్టి, నల్ల ప్రోబ్ లోహపు ట్యాబ్ మీద, ఎర్ర ప్రోబ్ రెండు చివరి కాళ్ల మీద ఒక్కొక్కటిగా పెట్టండి. 0.4–0.6 దగ్గర వస్తే బాగున్నట్టు. సున్నాకు దగ్గరగా వస్తే పోయింది.

కొత్తది వేసేముందు పాతది ఎందుకు పోయిందో చూడకపోతే ఆన్ చేసిన క్షణంలో కొత్తదీ పోతుంది. కాయిల్ ఓంలు కొలవండి. కాయిల్ మీది డయోడ్ ఊడిందా, తెగిందా చూడండి. కాయిల్ వదిలినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీని మింగేది అదే, అది లేకపోతే దెబ్బ ట్రాన్సిస్టర్‌కు తగులుతుంది. డయోడ్‌ను 1ఎన్4004తో మార్చేటప్పుడు గీత ఉన్న వైపు సప్లై వచ్చే లగ్‌కే ఉండాలి. తిరగేస్తే కాయిల్ మొదటిసారి కొట్టబోయేటప్పుడే ఫ్యూజో ట్రాన్సిస్టరో పోతుంది. ట్రాన్సిస్టర్‌ను నడిపే, దాని ముందున్న చిప్‌నూ ఒకసారి అనుమానించండి. ట్రాన్సిస్టర్ బాగుండి కూడా కాయిల్ పట్టుకునే ఉంటే దోషి అదే.

దీనికి వ్యతిరేకం, కాయిల్ అసలు కొట్టట్లేదు. మెషిన్ ఆన్‌లో ఉండగా, గ్రౌండ్‌కు కలిపిన జంపర్‌తో ఆ ట్రాన్సిస్టర్ ట్యాబ్‌ను రెప్పపాటు తాకించండి. కాయిల్ కొడితే ట్యాబ్ నుంచి కాయిల్ దాకా అంతా బాగుంది, ట్రాన్సిస్టరో దాని ముందున్నదో పోయింది. కొట్టకపోతే వైరు, కనెక్టరు, కాయిల్ చూడండి. ఏ ట్రాన్సిస్టర్ దేనిదో డయాగ్రమ్‌లో సరిచూసుకుని, కాయిల్‌ను నడిపేదైతేనే ఇది చేయండి. ఈ మెషిన్లలో ఫ్లిప్పర్లు సాధారణంగా బటన్ నుంచి నేరుగా నడుస్తాయి, ప్రాసెసర్ ఒక రిలే ద్వారా వాటికి అనుమతి మాత్రమే ఇస్తుంది. కాబట్టి మిగతావన్నీ పనిచేస్తూ రెండు ఫ్లిప్పర్లూ చచ్చిపడి ఉంటే ఆ రిలే దగ్గరికి వెళ్లండి.

స్విచ్ మ్యాట్రిక్స్: ఒకటి కొడితే ఇంకోటి

సాలిడ్ స్టేట్‌లో స్విచ్‌లను అడ్డు, నిలువు వరసల గడుల్లో కలుపుతారు. విలియమ్స్‌లో 8 ఇంటూ 8, అంటే 64. ప్రతి స్విచ్‌కూ ఒక డయోడ్ ఉంటుంది. అది షార్ట్ అయితే తమాషా మొదలవుతుంది: దీర్ఘచతురస్రంలో మూడు మూలల స్విచ్‌లు మూసుకుంటే, నాలుగో మూల స్విచ్ ముట్టుకోకపోయినా మూసుకున్నట్టు బోర్డు నమ్ముతుంది. టార్గెట్ కొడితే టిల్ట్ (మెషిన్‌ను కుదిపినప్పుడు పడే శిక్ష) అయ్యే మెషిన్లలో జరిగేది ఇదే. మాన్యువల్‌లోని మ్యాట్రిక్స్ పట్టిక మీద ఆ రెండు స్విచ్‌లనూ గుర్తుపెట్టి గీతలు గీస్తే మిగతా రెండు మూలలు తెలిసిపోతాయి. చూడాల్సిన డయోడ్లు ఆ నాలుగే. ఒక వరస మొత్తం పనిచేయకపోతే డయోడ్ కాదు, ఆ వరస వైరో కనెక్టరో తెగింది. బాలీ మెషిన్లలో కొన్ని స్విచ్‌ల మీద చిన్న సెరామిక్ కెపాసిటర్ ఉంటుంది. అది షార్ట్ అయినా స్విచ్ ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. ఒక కాలు కత్తిరించి చూడటం క్షణం పని.

ఈ స్విచ్‌ల పాయింట్లకు బంగారు పూత ఉంటుంది. వీటికి ఫైలు తగలనివ్వకండి. విజిటింగ్ కార్డు ముక్కను ఆల్కహాల్‌తో తడిపి పాయింట్ల మధ్య పెట్టి, నొక్కి లాగండి చాలు.

లైట్లు

వీటిలో పెద్ద రహస్యమేమీ లేదు. బల్బు, తర్వాత సాకెట్, తర్వాత వైరు. సాకెట్‌లో బల్బును తిప్పితే మిణుకుమంటే సాకెట్ మార్చండి, శుభ్రం చేస్తే నెల రోజులే. 44 నంబరు బల్బు 250 మిల్లీఆంపియర్లు తాగుతుంది, 47 నంబరు 150. పదుల సంఖ్యలో బల్బులున్న మెషిన్‌లో 47 వేస్తే కనెక్టర్లకు ఊపిరాడుతుంది, బ్యాక్‌గ్లాస్ రంగు కూడా వేడికి తక్కువ లేస్తుంది. కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఉంటే ఆ పిన్నులను రెండువైపులా మార్చాలి. ఒక్కవైపే మారిస్తే కొత్తది కూడా కాలుతుంది.

ఒకసారి వచ్చి ఒకసారి రాని లోపం

అన్నిటికంటే విసిగించేది ఇది. మెషిన్ నడుస్తుండగా, ఎండిన చెక్క పుల్లతో కనెక్టర్లను, వైర్ల కట్టలను, బోర్డు అంచులను ఒక్కొక్కటిగా మెల్లగా కదపండి. లోపం ఏ చోట వచ్చి పోతే ఆ అంగుళం మేరలోనే వెతకండి. వేడెక్కాకే వచ్చే లోపమైతే అరగంట నడిపి అప్పుడు వోల్టేజీలు మళ్లీ కొలవండి. చల్లగా ఉన్నప్పటి అంకెలు పక్కన రాసి ఉంచుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఆడితేనే వచ్చేదైతే బంపర్ల అదురుకు కదిలే చోట్లు, అంటే బంపర్ల పక్కనున్న స్విచ్‌లూ వాటి లగ్‌ల సోల్డరూ ముందు చూడండి.

రిపేరు అయ్యాక ఒక పూర్తి ఆట ఆడి, మెషిన్ ఆపి, ప్లగ్ పీకి, కాయిళ్లన్నిటినీ వేలితో తాకి చూడండి. అన్నీ గోరువెచ్చగా ఉండి ఒకటే చుర్రుమంటే దాని స్విచ్ ఎక్కడో సరిగా తెరుచుకోవట్లేదు, అది మీ తర్వాతి పని. ఏ ఫ్యూజు మార్చారో, ఏ స్విచ్ సర్దారో, ఏ ట్రాన్సిస్టర్ వేశారో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి నాణేల తలుపు లోపల పెట్టండి.